పట్టేసిన ఇంజన్

నా భార్య ప్రేమలతను చంపింది ఆమె సొంత తమ్ముడు పండరి. ఇందులో వాదన లేదు. నా పాత బుల్లెట్ ఇంజన్ విప్పి, బోరు పెంచి, కొత్త పిస్టన్ వేసింది అతనే. ఏళ్ల కిందట చుట్టాల పెండ్లికి పోతుంటే కాజీపేట దాటాక పెద్ద రోడ్డు మీద ఆ ఇంజన్ పట్టేసింది. వెనక చక్రం బిగుసుకుపోయింది. నేను గడ్డిలో పడ్డాను. ఆమె రోడ్డు మీద పడింది. దవాఖాన దాకా కూడా రాలేదు.

చావు ఇంట్లో పండరి నా కాళ్ల దగ్గర కూర్చుని, "తప్పు నాదే బావా" అన్నాడు. అందరూ విన్నారు. ఆ రోజే అతనికి నా గడప మూసేశాను.

మాది కొత్తవాడ, నేతవాళ్ల వాడ. మరమగ్గాలను మేం సాంచెలంటాం. బండిని సాంచెల షెడ్డులో ఒక మూలకు నెట్టి, నేతలో చెడిపోయిన జంపఖానా ఒకటి కప్పాను. కొంటామని కొందరు వచ్చారు. అమ్మలేదు. బాగు చేస్తామని కొందరు వచ్చారు. ముట్టనివ్వలేదు. సాక్ష్యాన్ని ఎవరూ బాగు చేయించుకోరు.

నాకు ఊరి బడి చదువే. జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

ఈ ఎండాకాలం నా బిడ్డ మహిత ఒక మాట చెప్పింది. ఆమె సుబేదారిలో ఒక ఆఫీసులో పని చేస్తుంది. సాయంత్రం వచ్చి, చెప్పులు విడిచి, నిలబడే చెప్పింది.

"బాపూ, నేను ఉమాకాంత్ బావనే చేసుకుంట."

ఉమాకాంత్ పండరి కొడుకు. తండ్రిలాగే కాజీపేట రైలింజన్ల లోకో షెడ్డులో ఫిట్టర్. మేనరికం మాకు కొత్త కాదు. వీళ్లిద్దరి చిన్నప్పుడు ప్రేమలతే ఆ మాట అని మురిసేది. అప్పటి సంగతి వేరు.

"మీ అవ్వను చంపినోని ఇంటికి కోడలుగ పోతవా?"

"మామ చంపలే బాపూ. బండి ఖరాబైంది."

"వాడే ఒప్పుకున్నడు."

"ఒప్పుకున్నడు. ఏం తప్పు చేసిండో ఒక్కనాడన్న చెప్పిండా? నువ్వడిగినవా?"

అడగలేదు. అడగవలసిన పని నాకు లేదు.

ఆ ఆదివారం ఉమాకాంత్ వచ్చాడు. గడప దాటలేదు. బయటే నిలబడ్డాడు.

"మామా, ఆ ఇంజన్ నేను ఇప్పుత. నీ కండ్ల ముందట్నే. మా నాయిన తప్పుంటే అండ్ల కనవడ్తది. ఉంటే ఇటు దిక్కు మల్ల రాను. మహితకు ఫోన్ గూడ చెయ్య."

"లేకుంటే?"

"లేకుంటే ఏందో నువ్వే చెప్పు."

మహిత తలుపు వెనక ఉంది.

"లేకుంటే పెండ్లి చేస్త" అన్నాను. తేలిగ్గానే అన్నాను. ఆ ఇంజన్ ఏం చెబుతుందో నాకు తెలుసు.

"ఇంకొక్కటి మామా. తప్పు ఎవలిదైనా ఇంజన్ మాత్రం మల్ల కట్టిస్త. ఉన్నదున్నట్టు కాదు, ఉన్నదానికంటె మంచిగ. అత్త కూసున్న బండి గట్ల మూలకు వడుండుడు నాకు నచ్చుతలేదు."

పక్కకు జరిగి దారి ఇచ్చాను.

పక్కింటి మొండయ్యను సాక్షిగా పిలిచాను. అతనూ నేతపనివాడే. అతని నోట మాట ఆగదని తెలిసే పిలిచాను. తేలింది వాడ మొత్తానికి తెలియాలి. అతను చాయ గ్లాసుతో వచ్చి, పాత సాంచె బీము మీద కూర్చున్నాడు.

"ఏం రాజమౌళన్నా, లగ్గం కోసం పిల్లగాడు ఇంజన్ ఇప్పుతాండా? మా కాలంల మొఖం జూసి పిల్లనిచ్చిండ్రు."

"నీ మొఖం జూసి ఇచ్చిండ్రంటె ఆనాడు కరెంటు పోయినట్టున్నది కాకా" అన్నాడు ఉమాకాంత్, పానా తిప్పుతూనే.

మొండయ్య నవ్వాడు. నేను నవ్వలేదు.

ట్యాంకు దిగింది. కార్బురేటర్, సైలెన్సర్ దిగాయి. విప్పిన ప్రతి నట్టునూ ఖాళీ కండెల డబ్బాల్లో వేర్వేరుగా పెట్టాడు. ఇంజన్ కింద గిన్నె పెట్టబోయాడు.

"ముందుగాల నూనె దింపుదాం మామా."

"నూనె ఏడికి పోతది? ముందు పిస్టన్ చూపియ్యి."

నా వైపు ఒకసారి చూసి గిన్నె పక్కన పెట్టాడు. హెడ్డు విప్పాడు. పిస్టన్ ఆడే బోరు గొట్టం మాత్రం రాలేదు. లోపల పిస్టన్ తుప్పుతో అతుక్కుని ఉంది. నాలుగు చుక్కల డీజిల్ వేసి నాననిచ్చి, చెక్క అడ్డం పెట్టి చుట్టూ మెల్లగా కొట్టాడు. చివరికి కీచుమంటూ పైకి లేచింది. పిస్టన్ బయటపడింది. దాని మీద పై నుంచి కిందికి గీతలు, గోళ్లతో గీరినట్టు.

"చూసినవా మొండయ్యా? బిగ్గ వేసిండు. పట్టేసింది."

"అవునన్నా. గీసుకపోయింది" అన్నాడు మొండయ్య. ఈసారి అతనికి హాస్యం తోచలేదు.

ఉమాకాంత్ బోరును శుభ్రంగా తుడిచాడు. గీతలు పడని చోట పిస్టన్ పెట్టి, సందులోకి కొలత చూసే సన్నని ఉక్కు రేకు జొనిపి చూశాడు. తీసి, ఇంకో రేకు జొనిపాడు.

"సందు సరిగ్గనే ఉన్నది మామా. బిగ్గ వేస్తే చుట్టూత పట్టాలె. ఇది ముందట, ఎనుక మాత్రమే గీసుకపోయింది. ఇగో, పిస్టన్ కింది ఈ రాడ్డు వట్టుకొని కదిలియ్యి."

పట్టుకున్నాను. కదలలేదు. అడుగున రాడ్డు మెడ నీలంగా, నల్లగా కమిలి ఉంది.

"కింది బేరింగు కాలింది. ముందు పట్టేసింది అది. నూనె అందలే."

"నూనె పంపు బిగించిందెవలు?"

"మా నాయిననే."

"మరి?"

అతను రాడ్డు వదిలేశాడు. "మరి అడుగు దాక ఇప్పాలె. వచ్చే ఆదివారం వస్త" అన్నాడు. గొంతు తగ్గింది. అది నాకు సంతోషం కలిగించింది. దాచను.

చేతులు కడుక్కునేటప్పుడు మహిత అతనికి నీళ్లు పోసింది. వాళ్ల మాటలు కిటికీలోంచి విన్నాను.

"ఏమైతది బావా?"

"నాయిన ఆ ముందటి రోజు నూనె దింపిండట మహీ. ఒక్కసారి నోరు జారి అన్నడు. మల్ల అడిగితే మాట్లాడలే. కొత్త నూనె పొయ్యక మర్చిపోయిండేమో. అట్లయితే మీ బాపు మాటే నిజం."

"అట్లయితే?"

"నేను మాటిచ్చిన గద."

నూనె దింపినట్టు నాకు ఎవరూ చెప్పలేదు. నేను రోజూ ఎక్కే బండి నుంచి నూనె దింపి, నాకు చెప్పలేదు. ఆ వారమంతా సాంచెలు నడుపుతూ అదే తలుచుకున్నాను. మహిత నాతో మాట్లాడలేదు. అన్నం పెట్టి లేచిపోయేది.

ఆదివారం మొండయ్య ఇంకా రాలేదు. ఉమాకాంత్ ఇంజన్ ముందు కూర్చుని గిన్నె సర్దుతున్నాడు. అప్పుడు గడప దగ్గర పండరి కనిపించాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. మనిషి సగమయ్యాడు.

"బావా, ఇప్పియ్యకు."

"అక్కడ్నే నిలవడి మాట్లాడు."

"తప్పు నాదన్న గద బావా. ఇంకేం కావాలె నీకు? మూసెయ్యి."

"మూస్తే పెండ్లి లేదు. పోయేది నీ కొడుకుదే."

"పోనియ్యి."

"నాయినా!" ఉమాకాంత్ లేచి నిలబడ్డాడు.

మహిత లోపలి నుంచి వచ్చింది. "మామా, నువ్వే గిట్లంటవా?"

పండరి ఆమె ముఖం చూడలేదు. నేల చూశాడు. తప్పు చేసినవాడు సాక్ష్యానికి భయపడతాడు. నేను అలాగే అనుకున్నాను.

"ఇప్పు" అన్నాను ఉమాకాంత్‌తో.

"అద్దు బిడ్డా" అన్నాడు పండరి.

ఉమాకాంత్ ఇద్దరినీ చూశాడు. తర్వాత మహితను చూశాడు. కూర్చుని, ఇంజన్ అడుగున ఉన్న బిరడాకు పానా తగిలించాడు. గిన్నెలో నూనె పడకపోతే అంతా అక్కడే ముగుస్తుంది. ఆ సంగతి మా నలుగురికీ తెలుసు.

బిరడా ఊడింది. నూనె పడింది. చుక్కలు కాదు, ధార. గిన్నె నిండుతూనే ఉంది.

"ఉన్నది!" అని అరిచాడు ఉమాకాంత్. "మామా, నూనె ఉన్నది! మా నాయిన మరువలే!"

మహిత గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. పండరి మాత్రం సంతోషపడలేదు. నేను ధారను చూస్తున్నాను. ఇంజన్ నూనె బెల్లం పాకంలా దిగాలి. ఇది నీళ్లలా పడుతోంది.

వేలు ముంచాను. రుద్దాను. వాసన చూశాను. లేచి వెళ్లి, షెడ్డు మూలనున్న డ్రమ్ములో రెండో చేతి వేలు ముంచాను. రెండు వేళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకదాని మీద మసి ఉంది. మిగతాదంతా ఒకటే.

"ఇది సాంచె నూనె."

సాంచెలకు ఆ పలచన మంచిది. ఎర్రగా కాలే ఇంజన్‌లో అది నీళ్లతో సమానం.

"నేనే పోసిన బావా" అన్నాడు పండరి. నా మాట పూర్తికాక ముందే అన్నాడు. "డబ్బా కనవడలే. తొందరల డ్రమ్ముల నుంచి తీసి పోసిన. తప్పు నాదే. తేలింది గద. ఇగ మూసెయ్యి."

ఉమాకాంత్ నేల మీద కూలబడ్డాడు. "నువ్వా నాయినా? నూనె చుక్క చేతుల వడ్తె ఏ ఇంజన్‌దో చెప్పెటోనివి. నువ్వు పోసినవా?"

"పోసిన."

నేను కోరుకున్నది నా చేతికి వచ్చింది. అక్కడితో ఆగవలసింది. కానీ నా మనసు ఒప్పలేదు. జీవితమంతా ఇంజన్ల దగ్గర బతికిన మనిషి బుల్లెట్‌లో సాంచె నూనె పోయడు. ఎలా పోశాడో చూద్దామని ఇంజన్ పక్కన కూర్చున్నాను. నూనె పోసే మూత దుమ్ముతో, జిడ్డుతో గడ్డకట్టి ఉంది. నూలు పీచు తీసుకుని తుడిచాను.

మూత మెడకు ఒక పోగు కట్టి ఉంది.

మా షెడ్డులో పొద్దున్నే సాంచెలకు నూనె పెట్టేది ప్రేమలత. నూనె పెట్టిన సాంచెకు ఎర్ర పోగు కట్టేది. తెలియక ఇంకొకరు మళ్లీ పెడితే నూనె కారి బట్ట మీద మరక పడుతుంది. సాయంత్రం ఆ పోగులన్నీ విప్పి కొంగుకు చుట్టుకునేది. ఆమెది ఎడమ చేయి. ఆమె వేసే ముడి మా ముళ్లకు ఎదురుగా పడుతుంది. అలా వేయాలని నేను ఎన్నోసార్లు చూశాను. రాలేదు.

పోగును ఇంకా తుడిచాను. జిడ్డు కింద ఎరుపు. ముడి ఎదురుగా పడి ఉంది.

"పండరీ, ఈ ముడి నువ్వేసినవా?"

నా అనుమతి లేకుండా గడప దాటి వచ్చాడు. వంగి చూశాడు. అలాగే కింద కూర్చుండిపోయాడు.

"ఇది నేను చూడలే బావా" అన్నాడు. "ఇది చూసి ఉంటె అప్పుడే తీసేద్దును."

"చెప్పు."

"కొత్త బోరు గద, మొదటి నూనె జల్ది మార్చాలె. పొద్దుగాల దింపిన. నువ్వు బజారుకు పోయినవ్. కొత్త డబ్బా తెచ్చి గూట్ల పెట్టిన. గంతల్నే డోర్నకల్ డ్యూటీకి రమ్మని ఫోనచ్చింది. బావను బండి ముట్టనియ్యకు అక్కా, నేను వచ్చి పోస్త అని చెప్పి ఉరికిన. పొద్దుమూకి అక్కనే ఫోన్ చేసింది. నూనె నేనే పోసిన తమ్మీ, అలిసిపోయి ఏం రాకు అన్నది. డబ్బాదే పోసిందనుకున్న. చావుకు వచ్చి చూస్తే డబ్బా సీలు సీలే ఉన్నది."

"ఆ డబ్బా ఏది?"

"తీస్కపోయిన. నీ కండ్ల వడద్దని."

"అవ్వనా?" అంది మహిత. ఈ ఇంట్లో నూనె అంటే ఆ డ్రమ్ములోనిదే. ప్రేమలత చేతికి అదే తెలుసు.

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె ఏం చేద్దువు? సచ్చినామె మీద కోపం వెట్టుకుందువు. నా మీద పెట్టుకుంటె ఏమాయె. నేను బతికున్న గద, మోస్త."

ఇది విని నాకు కన్నీళ్లు వచ్చాయని రాస్తే అబద్ధం. కోపం వచ్చింది. ఇన్నేళ్లూ ప్రేమలత ఫొటో ముందు దీపం పెట్టి, ఆమె తమ్ముణ్ని తిట్టాను. రోజూ తిట్టాను. ఆమె ముందే తిట్టాను. నాతో ఆ పని చేయించింది ఇతను. నా భార్య మీద కోపపడాలో, ఊరుకోవాలో తేల్చుకోవలసింది నేను. ఆ పని నాకు లేకుండా చేశాడు. ఎవరడిగారు?

"నన్నడగకుంట నా ఇంటి సంగతి నువ్వెట్ల దాస్తవ్?"

"బావా..."

"దీనికి మాఫీ లేదు."

అప్పుడే గడప దగ్గర మొండయ్య గొంతు. "ఏమైందన్నా, తేలిందా? ఓహో, పండరి గూడ ఉన్నడు! కోర్టు నిండుగనే ఉన్నది గద."

చేతిలోని నూలు పీచును మూత మీద నొక్కి పట్టాను. మొండయ్య తిన్నగా గిన్నె దగ్గరికి వచ్చాడు.

"నూనె మస్తుగ ఉన్నదే!" అంటూ వంగాడు. వేలు చాచాడు. అతని చేతులూ నా చేతుల్లాంటివే. ఒక్క చుక్క తగిలితే చాలు, ఏ నూనో చెబుతాడు. చీకటి పడేలోగా కొత్తవాడ మొత్తానికి చెబుతాడు. అతన్ని పిలిచింది నేనే.

గిన్నెను కాలితో తన్నాను. నూనె నేల మీద పరుచుకుంది. సాంచెల కింద ఏళ్లుగా ఇంకిన నూనెలో కలిసిపోయింది. ఇక ఏది ఏదో ఎవరూ చెప్పలేరు.

"అరె, చూస్కోవాలె గదన్నా!" అంటూ మొండయ్య వెనక్కి గెంతాడు.

"పాత నూనె. పోనియ్యి."

"సరే గని, తప్పెవలిది? అది చెప్పు."

అందరూ నన్ను చూశారు. పండరి కళ్లతోనే బతిమాలాడు. నాదే అని చెప్పు బావా, అన్నట్టు చూశాడు. అలా చెబితే ప్రేమలత పేరు బయటికి రాదు. కానీ నా బిడ్డ పెండ్లి ఆగుతుంది. మహిత నా ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు.

"పండరిది కాదు" అన్నాను.

"మరెవలిది?"

"పాత ఇంజన్. కింది బేరింగు కాలింది. లగ్గం పెట్టుకుంటానం, వచ్చి బువ్వ తిను. ఇది మాత్రం మల్ల అడగకు."

మొండయ్య నోరు తెరిచి, నా ముఖం చూసి, మూసుకున్నాడు. అతను అలా మూసుకోవడం అదే మొదటిసారి. పండరి లేచి, ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయాడు.

మొండయ్య కూడా పోయాక పోగును కోయలేదు, ముడి విప్పలేదు. మూత మెడ మీది నుంచి మెల్లగా జార్చి తీసుకున్నాను.

ఉమాకాంత్ మాట నిలుపుకున్నాడు. సెలవు దొరికిన ప్రతిసారీ వచ్చాడు. అడుగు దాకా విప్పాడు. పంపు నడిపే మర దగ్గర ఒక నట్టు రాకపోతే నేను పానా అందుకుని బలంగా తిప్పబోయాను.

"అట్ల కాదు మామా, బిగుస్తది. అది ఎడమ మర, ఎదురు తిప్పాలె."

పానా అతనికి ఇచ్చేశాను.

కింద కాలిన పాత బుష్షు బేరింగు తీయించి, సూదుల బేరింగు వేయించాడు. పాత పంపు స్థానంలో ఎక్కువ నూనె తోడే పంపు బిగించాడు. బోరు ఇంకొంచెం పెంచి కొత్త పిస్టన్ వేశాడు. బిగించే ముందు ఉక్కు రేకు నా చేతికిచ్చి, సందు నాతోనే చూపించాడు. ఎవరి తప్పూ ఇక లోపల మిగలకూడదని కాబోలు. నిప్పు రగిలించే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టాడు. తన తండ్రి పేరు ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చివరి రోజు సాంచెలు ఆపించాను. ఇంజన్ చప్పుడు వినపడాలి. కొత్త నూనె డబ్బా సీలు నేనే కోశాను. డబ్బా మీద రాసింది మొదటి నుంచి చివరి దాకా చదివాను. నేనే పోశాను.

ఉమాకాంత్ కిక్కు కొట్టాడు. దగ్గింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ దగ్గి ఆగింది. మహిత కొంగు కొస పట్టుకుని నిలబడింది. మూడోసారికి ఇంజన్ అందుకుంది. షెడ్డు రేకులు అదిరాయి.

"మూత తీసి ఉన్నది, అండ్ల చూడు మామా! నూనె తిరిగి వస్తాందా?" అని అరిచాడు.

పోసే రంధ్రంలోకి చూశాను. ఏమీ లేదు. పోగు దొరికిన చోటు అదే. ఇంకా ఏమీ లేదు. ఆపమని చేయి ఎత్తబోయాను. అప్పుడు ఒక చిక్కని ధార లోపల చిమ్మింది. ఆగలేదు.

"వస్తాంది" అన్నాను. మూత బిగించాను.

మహిత చేతిలో కొత్త ఎర్ర పోగు ఉంది. ఇప్పుడు పొద్దున్నే, ఆఫీసుకు పోయే ముందు, సాంచెలకు నూనె పెట్టేది ఆమే. అలవాటున తెచ్చిందో, కావాలని తెచ్చిందో అడగలేదు.

"సాంచెకు కట్టు" అన్నాను. వెళ్లి సాంచెకు కట్టింది.

పెండ్లి అయింది. పండరి వియ్యంకుడి హోదాలో వచ్చాడు. చేయవలసిన మర్యాద చేశాను. మాట్లాడవలసినవి మాట్లాడాను. అంతకు మించి అతనికీ నాకూ ఏమీ లేదు. అతను మంచి మనసుతో చేశాడని మహిత అంటుంది. నేను అనను.

ప్రేమలత కట్టిన పోగు నా దగ్గర ఉంది. ఎక్కడుందో ఎవరికీ చెప్పలేదు. ఇంజన్‌లో ఏం దొరికిందని వాడలో ఇప్పటికీ అడుగుతున్నారు. కింది బేరింగు కాలింది అంటాను. మొండయ్య చదవడు గనక ఇక్కడ ఒక్కసారి రాశాను. బిడ్డ అడిగినా, అల్లుడు అడిగినా, పండరే వచ్చి అడిగినా, ఈ సంగతి నేను మళ్లీ మాట్లాడను.